రాడార్ ఉన్న యుద్ధనౌకకు కెమెరా కళ్లు ఎందుకు?

పర్లాకిమిడి నుంచి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థి ఒకరు మూడు ప్రశ్నలు అడిగారు. యుద్ధనౌక మీద అంత పెద్ద రాడార్ ఉండగా మళ్లీ పగటి కెమెరాలు, పరారుణ కెమెరాలు ఎందుకు? వేడిని చూసే కెమెరా మంచులో, వానలో పనిచేస్తుందా? దూసుకొచ్చే క్షిపణిని అది ఎంత దూరంలో పసిగట్టగలదు? వాళ్ల చిన్నాన్న గోపాల్‌పూర్‌లో చేపల పడవ నడుపుతారట. ఈ ప్రశ్నలు విని, "కంటికి కనబడేదానికి యంత్రం దేనికి?" అని నవ్వారట.

నేను నౌకాదళంలో ఆయుధాల విద్యుత్ విభాగంలో పదిహేనేళ్లు పనిచేసి, ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాను. చిలికా సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ చిల్కాలోనే నా శిక్షణ మొదలైంది. ఏ నౌక మీద ఏ పరికరం ఎంత దూరం చూస్తుందో చెప్పను, అడగవద్దు. పుస్తకాల్లో ఉన్న భౌతికశాస్త్రం, లోకమంతా ఎరిగిన చరిత్ర మీ ప్రశ్నలకు సరిపోతాయి.

ముందు చిన్నాన్నగారి మాట. ఆయన చెప్పింది సగం నిజం. 1982 మే 4న ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ నౌక షెఫీల్డ్ మీదికి అర్జెంటీనా విమానాలు ఎక్సోసెట్ క్షిపణులు వదిలాయి. బ్రిడ్జి (నౌకను నడిపే గది) మీద ఉన్నవాళ్లు దూరంగా పొగ చూశారు. అది క్షిపణి అని అర్థమయ్యేసరికి మిగిలింది కొన్ని సెకన్లే. 20 మంది చనిపోయారు. 1987 మే 17న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా నౌక స్టార్క్‌కూ అలాగే జరిగింది. ఇరాక్ విమానం వదిలిన రెండు ఎక్సోసెట్లను పసిగట్టింది డెక్ మీద కాపలా ఉన్న నావికుడి కళ్లే. 37 మంది పోయారు. మన కథ కూడా ఒకటుంది. 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ దగ్గర పాకిస్తాన్ నౌక ఖైబర్ మీదికి మన మిస్సైల్ బోటు నుంచి స్టిక్స్ క్షిపణి వెళ్లింది. ఆ నౌకవాళ్లు ఆకాశంలో వెలుగు వస్తుండటం చూశారు, విమానం అనుకున్నారు, విమానాలను కొట్టే తుపాకులు తిప్పి కాల్చారు. నౌక మునిగింది.

మూడు చోట్లా కన్ను చూసింది. చూసినదేమిటో తేల్చుకోవడానికి వ్యవధి చాలలేదు, లేదా తప్పుగా తేల్చుకుంది. నౌక మీది కెమెరాల పని ప్రధానంగా ఈ తేల్చడమే. కనిపెట్టడం రాడార్ కూడా చేస్తుంది, చాలాసార్లు ఇంకా బాగా చేస్తుంది.

ఇక దూరం సంగతి. మూడో ప్రశ్నను ముందుకు తెస్తున్నాను, ఎందుకంటే దీనిలో చాలామంది కెమెరా శక్తి గురించి ఆలోచిస్తారు. ఇక్కడ హద్దు గీసేది కెమెరా కాదు, భూమి గుండ్రదనం. చిన్నాన్నగారిని అడగండి: రాత్రి వేట నుంచి తిరిగి వస్తుంటే గోపాల్‌పూర్ లైట్‌హౌస్‌లో ముందు తల కనబడుతుంది, మొండెం తరువాత. లెక్క తేలిక. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నౌకలో 20 మీటర్ల ఎత్తున పెట్టిన కెమెరాకు దిగంతం 16 కిలోమీటర్లు. నీటికి 5 మీటర్ల పైన ఎగిరే క్షిపణికి 8. రెండూ కలిపితే 24 కిలోమీటర్లు. దానికి అవతల ఉన్నదాన్ని ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా చూడలేరు. రాడార్ తరంగాలు వాతావరణంలో కాస్త ఎక్కువ వంగుతాయి గనుక వాటికి 27 కిలోమీటర్ల పైచిలుకు దక్కుతుంది.

ఇప్పుడు గడియారం చూడండి. సెకనుకు 300 మీటర్ల చొప్పున వచ్చే క్షిపణి ఆ 24 కిలోమీటర్లు దాటడానికి 80 సెకన్లు తీసుకుంటుంది. సెకనుకు 900 మీటర్ల చొప్పున వస్తే 27 సెకన్లు కూడా ఉండవు. ఈలోగా చూడాలి, నిజమేనని తేల్చుకోవాలి, తుపాకీనో క్షిపణినో తిప్పాలి, కాల్చాలి. మొదటిది గురి తప్పితే మళ్లీ కాల్చాలి.

ఈ వేగానికి ఒక మెలిక ఉంది, నాకు చాలా ఇష్టమైనది. గాలిని చీల్చుకుంటూ వచ్చేది గాలి రాపిడికి, ఒత్తిడికి వేడెక్కుతుంది. ధ్వనికి రెండున్నర రెట్ల వేగంతో సముద్రమట్టానికి దగ్గరగా వచ్చే క్షిపణి ముక్కు దాదాపు 400 డిగ్రీల దరిదాపుల్లో కాగుతుంది. పరారుణ కెమెరాకు అది కొలిమిలో కాలిన ఇనుము. ధ్వని కన్నా నెమ్మదిగా వచ్చేదాని ముక్కు మాత్రం చుట్టూ ఉన్న గాలి కన్నా 40, 50 డిగ్రీలు మాత్రమే వేడిగా ఉంటుంది. ఇంజను మంట బాగా వేడిదే గానీ, మన వైపే సూటిగా వస్తుంటే అది క్షిపణి ఒంటి చాటున దాగిపోతుంది. కాబట్టి వేగంగా వచ్చేది ముందే బయటపడుతుంది గానీ మనకు సమయం ఇవ్వదు. నెమ్మదిగా వచ్చేది సమయం ఇస్తుంది గానీ చల్లగా, దొంగలా వస్తుంది. ఈ మధ్య ఎర్ర సముద్రంలో వాణిజ్య నౌకల మీదికి వచ్చిన డ్రోన్లలో చాలావరకు ఈ రెండో రకమే, చిన్న పెట్రోలు ఇంజనుతో తిరిగేవి.

మరి రాడార్‌కు దిగంతం కొంచెం ఎక్కువే కదా, కెమెరా దేనికి? నీటిని రాసుకుంటూ వచ్చేదాన్ని చూసేటప్పుడు రాడార్‌కు రెండు ప్రతిధ్వనులు అందుతాయి, ఒకటి నేరుగా, ఒకటి సముద్రం మీద తగిలి. రెండూ కలిసి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి, లక్ష్యం ఎంత ఎత్తున ఉందో రాడార్ తడబడుతుంది. కెమెరాకు ఆ బాధ తక్కువ. ఇంకా పెద్ద కారణం నిశ్శబ్దం. రాడార్ వేయడమంటే అమావాస్య రాత్రి టార్చి వెలిగించుకొని నడవడం. మీకు దారి కనబడేలోపే మీరు అందరికీ కనబడతారు. శత్రువు మీ రాడార్ తరంగాలను మీకన్నా చాలా ఎక్కువ దూరం నుంచి వినగలడు, ఎందుకంటే మీకు తరంగం వెళ్లి రావాలి, అతనికి వస్తే చాలు. అందుకే కొన్ని వేళల్లో నౌక అన్ని ప్రసారాలూ ఆపేసి వెళుతుంది. అప్పుడు దిక్కు కెమెరాలే. అవి ఏమీ పంపవు, వచ్చే కాంతిని మాత్రం తీసుకుంటాయి.

అయితే ఆ నిశ్శబ్దానికి మూల్యం ఉంది: కెమెరా దిక్కు చెబుతుంది, దూరం చెప్పదు. అందుకే పక్కనే లేజర్ పెడతారు. పది కిలోమీటర్ల దూరాన ఉన్నదానికి లేజర్ మెరుపు వెళ్లి తిరిగి రావడానికి 67 మైక్రోసెకన్లు పడుతుంది. పాత లేజర్లు 1.06 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర పనిచేసేవి, అవి కంటి రెటీనాను కాల్చేస్తాయి. అభ్యాసాల్లో ఎదురుగా చేపల పడవ ఉంటే అదొక తలనొప్పి. 1.5 మైక్రాన్ల దరిదాపుల్లోవి కంటికి అంత హాని చేయవు.

ఇప్పుడు పరారుణం గురించి. మీ ప్రశ్నలో ఒక గందరగోళం ఉంది, అది అందరికీ ఉండేదే. బరంపురం బజారులో నగల దుకాణం ముందు రాత్రి సన్నగా ఎర్రని చుక్కలు వెలిగే సీసీ కెమెరా కూడా పరారుణమే అంటారు, నౌక మీది కెమెరా కూడా పరారుణమే అంటారు. రెండూ వేరు. దుకాణం కెమెరా 0.85 మైక్రాన్ల కాంతిని తానే వేసి, అది తగిలి వచ్చేదాన్ని చూస్తుంది. మన కంటికి కాస్త అవతలి కాంతి, అంతే. నౌకది వస్తువు తనంతట తాను వెదజల్లే వేడి వెలుగును చూస్తుంది. 1800లో ఖగోళవేత్త విలియం హెర్షెల్ పట్టకంతో ఎండను విడదీసి, ఎరుపు పక్కన ఏ రంగూ లేని చోట థర్మామీటరు పెట్టి కనుగొన్నది పరారుణంలో మన కంటికి దగ్గరి భాగాన్ని. ఏ వస్తువు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర బాగా వెలుగుతుందో చెప్పే సూత్రం మీ సిలబస్‌లోనే ఉంది: 2898ని కెల్విన్లలో ఉష్ణోగ్రతతో భాగించండి. 27 డిగ్రీల నౌక గోడకు 10 మైక్రాన్ల దగ్గర వస్తుంది. 450 డిగ్రీల పొగగొట్టానికి 4 మైక్రాన్ల దగ్గర.

గాలి కూడా అన్నిటినీ దాటనివ్వదు. 3 నుంచి 5 మైక్రాన్ల దాకా ఒక కిటికీ, 8 నుంచి 12 దాకా ఇంకో కిటికీ. మధ్యలో నీటి ఆవిరి తలుపు వేసేస్తుంది. పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగిపోతుంది, మన సముద్రం ఆగదు. బంగాళాఖాతం మీది గాలిలో ఉక్క ఎంతో మీకు చెప్పనక్కరలేదు, మే నెలలో చొక్కా పిండితే తెలుస్తుంది. ఆ ఆవిరి రెండో కిటికీని ఎక్కువగా మసకబరుస్తుంది. చల్లని ఉత్తర సముద్రాల్లో 8-12 కెమెరా బాగుంటుందని రాసిన మాటను మన తీరానికి అలాగే అన్వయిస్తే దెబ్బతింటాం. ఉక్కపోత ఉన్నచోట దూరం చూడటానికి 3-5 మేలు.

ఆ మేలు ఊరికే రాదు. 3-5లో సున్నితంగా చూడాలంటే ఇండియం యాంటిమొనైడ్ లాంటి పదార్థంతో చేసిన డిటెక్టర్‌ను మైనస్ 195 డిగ్రీల దరిదాపులకు చల్లబరచాలి, లేకపోతే అది తన వేడినే తాను చూసుకుంటూ కూర్చుంటుంది. లోపల అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద శీతలయంత్రం ఒకటి సన్నగా రొద చేస్తూ ఉంటుంది. ఆ రొద మారితే నాకు నిద్రలో కూడా తెలిసేది. ముందున్న కిటికీ కూడా గాజు కాదు. గాజు ఈ వెలుగును ఆపేస్తుంది, కాబట్టి జెర్మేనియం, సిలికాన్, నీలమణి స్ఫటికం లాంటివి వాడతారు. చూడటానికి జెర్మేనియం కటకం ఉక్కు పళ్లెంలా మెరుస్తుంది, మన కంటికి దానిలోంచి ఏమీ కనబడదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు దాన్ని మూత అనుకొని తీయబోతారు. దాని మీద ఉప్పు పేరుకుంటుంది. మంచినీళ్లతో కడగాలి, మెత్తని గుడ్డతో అద్దాలి. యుద్ధనౌక కళ్ల సంరక్షణలో సగం ఇదే అంటే ఇంజనీరింగ్ విద్యార్థులకు నిరాశగా ఉంటుందని తెలుసు. ఇలాంటి కళ్లను తయారుచేసే పని మన మచిలీపట్నంలోనే జరుగుతుంది. పాత ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది, రాత్రి చూపు పరికరాలు అక్కడ తయారవుతాయి.

మంచు, వాన గురించి సూటిగా చెబుతాను. పొగ, సన్నని మసక: పరారుణ కెమెరా బాగా దాటుతుంది, ఎందుకంటే ఆ రేణువులు ఈ తరంగాలకన్నా చాలా చిన్నవి. దట్టమైన మంచు: దాటదు. మంచు బిందువు తరంగంతో సమానమో, పెద్దదో. కంటికి అడ్డమైనది కెమెరాకూ అడ్డమే. వాన: తగ్గిస్తుంది, పూర్తిగా చంపదు. "వేడిని చూస్తుంది కాబట్టి దేన్నయినా చీల్చుకొని చూస్తుంది" అని ఎవరైనా అంటే వాళ్లు అమ్మకానికి వచ్చినవాళ్లు. అక్కడ రాడారే రాజు.

కానీ నన్ను ఎక్కువగా ఏడిపించింది మంచు కాదు, ఎండ. సాయంత్రం సూర్యుడు వాలినప్పుడు అలల మీద లక్షల తళుకులు. ప్రతి తళుకూ పరారుణంలో ఒక వేడి చుక్కే. లెక్క వేయండి: కెమెరాలో ఒక్కో గడి (పిక్సెల్) 0.1 మిల్లీరేడియన్ కోణం చూస్తుందనుకుంటే, 10 కిలోమీటర్ల దూరాన అది ఒక మీటరు. ఎక్సోసెట్ ఒళ్లు 35 సెంటీమీటర్లు. అంటే ఒక గడిలో మూడో వంతు. ఆకారం లేదు, రెక్కలు లేవు, ఒక చుక్క. తళుకు కూడా ఒక చుక్క. కొన్ని కిలోమీటర్ల దూరాన ఎగిరే సముద్రపు పక్షి కూడా కొన్నిసార్లు చుక్కే. ఒకసారి మా కాపలా వంతులో అలాంటి చుక్క ఒకటి నీటికి పది మీటర్ల ఎత్తున స్థిరంగా వచ్చింది. గంట మోగింది, అందరం పరుగులు తీశాం. అర నిమిషం తరువాత ఆ చుక్క రెక్కలు ముడిచి నీళ్లలోకి దూకి చేపను పట్టుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు కొత్త పేరు పెట్టారు, ఇక్కడ చెప్పను.

తేడా ఎలా పట్టాలి? ఒకటి పాత నావికుల సూత్రమే. ఎదుటి పడవ దిక్కు మారకుండా, పెద్దదవుతూ వస్తుంటే అది మిమ్మల్ని గుద్దబోతోంది. పక్షి అడ్డంగా పోతుంది, తళుకు పుట్టిన చోటే చస్తుంది. మన వైపు వచ్చేది దిక్కు కదలకుండా క్షణక్షణానికీ ప్రకాశం పెంచుకుంటుంది. రెండోది రంగు. ఇంజను మంటలోని వేడి బొగ్గుపులుసు వాయువు 4.3 మైక్రాన్ల చుట్టూ ప్రత్యేకంగా వెలుగుతుంది. దారిలోని చల్లని గాలిలో ఉన్న అదే వాయువు ఆ వెలుగులో నడిమి భాగాన్ని మింగేస్తుంది, రెండు అంచులు మిగులుతాయి. ఎండ తళుకులో ఈ గుర్తు ఉండదు. రెండు మూడు తరంగదైర్ఘ్యాల పట్టీల్లో విడివిడిగా చూసి పోల్చే పరికరం ఇందుకే. పగటి కెమెరాకు రంగులు ఎంత ముఖ్యమో పరారుణానికీ అంతే, మన కంటికి అలవాటు లేదు గానీ.

గాలి ఆడే ఆటలు కూడా కలుపుకోండి. శీతాకాలం తెల్లవారుజామున నేల మీది చల్లగాలి వెచ్చని సముద్రం మీదికి వెళితే కాంతి పైకి వంగి దిగంతం దగ్గరైపోతుంది, ఒకే వస్తువు నీటి మీద తలకిందులుగా జంటగా కనబడుతుంది. ఎండాకాలం వేడిగాలి తనకన్నా చల్లని నీటి మీద వీస్తే దీనికి తిరగబడి, దిగంతం అవతలివి పైకి లేచి కనబడతాయి. పైన నేను చెప్పిన 24 కిలోమీటర్లు రోజును బట్టి అటూ ఇటూ జరిగే సంఖ్య.

చిన్న పడవల సంగతి చెప్పకపోతే సమాధానం పూర్తి కాదు, ఎందుకంటే మన తీరంలో రోజువారీ పని అదే. 2000 అక్టోబరు 12న ఏడెన్ రేవులో అమెరికా నౌక కోల్‌ను ఒక చిన్న పడవ నిండా పేలుడు పదార్థం నింపి కొట్టారు, 17 మంది నావికులు చనిపోయారు. 2008 ముంబయి దాడి చేసినవాళ్లు కూడా చేపల పడవను చేజిక్కించుకొనే వచ్చారు. క్షిపణి అయితే శత్రువే. పడవ అయితే వెయ్యిలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది సార్లు ఎవరి బతుకు తెరువో. ఇక్కడ తేల్చడం ఇంకా కష్టం, ఇంకా ముఖ్యం.

ఒక రాత్రి, తూర్పు తీరానికి కొంత దూరాన, రాడార్ తెర మీద ఒక బలహీనమైన మచ్చ వస్తూ పోతూ ఉంది. దీపం లేదు, రేడియోకు జవాబు లేదు. ఫైబరు పడవలు, చెక్క తెప్పలు రాడార్‌ను సరిగా తిప్పికొట్టవు, అల చాటున మాయమవుతాయి. పరారుణ కెమెరా అటు తిప్పాను. తొమ్మిది మీటర్ల పడవ 5 కిలోమీటర్ల దూరాన ఉంటే, 0.1 మిల్లీరేడియన్ కెమెరాలో 18 గడులు ఆక్రమిస్తుంది. ఉందని చెప్పడానికి రెండు గడులు చాలు. ఏ రకమో చెప్పడానికి ఎనిమిది, ఫలానాదే అని చెప్పడానికి పన్నెండు, పదమూడు కావాలన్నది రాత్రి చూపు పరికరాల మీద పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త జాన్సన్ 1958లో వేసిన లెక్క. కాబట్టి పడవ అని తెలిసింది. ఇంకా దగ్గరయ్యాక చూస్తే ఇంజను చోటు గోరువెచ్చగా ఉంది, అంటే ఆపి చాలాసేపు అయింది. మధ్యలో ఒకటే తెల్లగా మండుతున్న చుక్క. చుట్టూ నాలుగు వెచ్చని ఆకారాలు వంగి ఉన్నాయి. తెర ముందున్న ఉత్తరాది అధికారి ఊపిరి బిగబట్టాడు. నేను ఆ వంగిన తీరు చూసి, "పొయ్యి సార్, కూర వండుకుంటున్నారు" అన్నాను. దగ్గరికి వెళ్లి మైకులో తెలుగులో "ఏ ఊరు?" అని అడిగితే ఒక్కసారిగా నలుగురూ లేచి నిలబడ్డారు. మన గంజాం తీరం జాలర్లే, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. బ్యాటరీ అయిపోయి దీపం, రేడియో రెండూ ఆగాయి. ఆ వేళ కెమెరా చేసిన రక్షణ మా నౌకకో, వాళ్లకో ఇప్పటికీ తేల్చుకోలేను.

రెండు మాటలు క్లుప్తంగా. శత్రువుకూ ఇదే కన్ను ఉంది: నార్వేవాళ్ల ఎన్ఎస్ఎమ్ క్షిపణి రాడార్ లేకుండా పరారుణ చిత్రంతోనే నౌకను గుర్తుపట్టి వస్తుంది. అందుకే కొత్త నౌకల్లో పొగగొట్టంలో బయటి గాలి కలిపి చల్లబరుస్తారు, పైకప్పు మీద నీళ్లు చల్లుతారు, మోసపుచ్చే మంటలు దూరంగా వదులుతారు. ఇక కెమెరా గురిపెడితే లేజరే ఆయుధంగా కాల్చే రోజు కూడా వస్తోంది. 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను పడగొట్టింది. దాని వెనుక ఉన్నది హైదరాబాద్ ప్రయోగశాల. ఉప్పుగాలి, ఆవిరి నిండిన సముద్రం మీద అది కర్నూలు ఎండు గాలిలో పనిచేసినంత సులువుగా పనిచేయదని నా అభిప్రాయం.

మీరు ఇంట్లోనే చేయగలిగిన పని ఒకటుంది. ఫోను కెమెరా ముందు టీవీ రిమోటు నొక్కండి, ఊదారంగు చుక్క వెలుగుతుంది. అది దుకాణం కెమెరా రకం పరారుణం. తరువాత అదే ఫోనుతో వేడి ఇస్త్రీపెట్టెను చీకట్లో చూడండి. ఏమీ కనబడదు. ఆ కనబడనిదే నౌక కెమెరా చూసేది.

ఇంకొకటి చిన్నాన్నగారి కోసం. గోపాల్‌పూర్ ఒడ్డున నిలబడి, వచ్చే పడవ మన ఊరిదో, పక్క ఊరిదో ఎంత దూరంలో చెప్పగలరో అడిగి, మోటారు సైకిల్ మీద తీరం వెంట వెళ్లి ఆ దూరాన్ని సుమారుగా కొలవండి. పడవ పొడవును ఆ దూరంతో భాగిస్తే వచ్చే కోణాన్ని 0.3 మిల్లీరేడియన్‌తో మళ్లీ భాగించండి, ఆ 0.3 మనిషి కంటి గడి పరిమాణం. ఎన్ని గడులు వచ్చాయో ఇక్కడ రాయండి. జాన్సన్ చెప్పిన పన్నెండుకన్నా తక్కువ వస్తుందని నా పందెం. మీ చిన్నాన్న పడవను ఆకారంతో కాదు, అది అల మీద ఊగే తీరుతో గుర్తుపడతారు.